మీ ఫేవరెట్ మ్యాగ్నమ్ ఏది?

సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి మా హాస్టల్ రూమ్‌లో పెద్ద గొడవ జరిగింది. అమ్మాయి గురించి కాదు, క్రికెట్ గురించి కూడా కాదు. రివాల్వర్ తూటా గురించి. బీజీఎంఐ ఆడుతూ ఆడుతూ ఒకడు ".44 మ్యాగ్నమ్‌ని మించింది లేదు" అన్నాడు. ఇంకొకడు ".500 ముందు అది దీపావళి టపాకాయ" అన్నాడు. మూడోవాడు ".357 క్లాసిక్ రా, మిగతావన్నీ షో" అన్నాడు. రాత్రి రెండింటి దాకా యూట్యూబ్ వీడియోలు ఒకరి మొహం మీద ఒకరు పెట్టి వాదించుకున్నాం. మాలో ఒక్కడు కూడా నిజం రివాల్వర్‌ని చేత్తో పట్టుకున్నవాడు కాడు. పట్టుకోవడానికి వయసు కూడా లేదు. మన ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుకి 21 ఏళ్లు నిండాలి. మాకు పంతొమ్మిది.

సంక్రాంతి సెలవులకి అరసవల్లి వెళ్లినప్పుడు ఇదే ప్రశ్న మా మావయ్యని అడిగాను. ఆయన ఆర్మీలో పదిహేడేళ్లు చేసి వచ్చి, ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక బ్యాంకు దగ్గర గన్‌మన్‌గా చేస్తున్నాడు. మా ఇంట్లో తుపాకుల గురించి మాట్లాడే హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషి.

"మావయ్యా, నీ ఫేవరెట్ కార్ట్రిడ్జ్ ఏది?"

"కార్ట్రిడ్జ్ ఏట్రా, తూటా అను," అన్నాడు ముందు. తర్వాత నవ్వి, "నీది సెప్పు ముందు. ఎందుకో కూడా సెప్పాలి," అన్నాడు.

ఎందుకో చెప్పాలంటే చదవాలి కదా. సెలవులన్నీ అదే పని చేశాను. చదివినకొద్దీ మా హాస్టల్ గొడవలో అందరం తప్పే మాట్లాడామని తెలిసింది. ఈ వ్యాసం ఆ హోంవర్క్. ఆయన జవాబు మాత్రం చివర్లో చెబుతాను.

ముందు తూటా అంటే ఏంటో

మనం గుండు, తూటా, బుల్లెట్ అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం. తూటా అంటే మొత్తం ప్యాకేజీ. అందులో నాలుగు భాగాలు ఉంటాయి. బయట ఇత్తడి షెల్. దాని అడుగున చిన్న బిళ్లలాగా ప్రైమర్. లోపల మందు. పైన మూతలాగా కూర్చున్నది గుండు, అంటే బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే పిన్ వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది, ప్రైమర్ నిప్పురవ్వ మందుకి అంటుకుంటుంది, మందు క్షణంలో గ్యాస్ అయిపోతుంది, ఆ ఒత్తిడి గుండుని బారెల్ గుండా బయటికి తోస్తుంది. షెల్ మాత్రం లోపలే ఉండిపోతుంది. సినిమాలో గుండు ఎగురుతున్నప్పుడు స్లో మోషన్లో మొత్తం తూటా షెల్‌తో సహా ఎగరడం మీరు చూసి ఉంటారు. అది గ్రాఫిక్స్ వాళ్ల తప్పు.

రివాల్వర్‌లో ఈ తూటాలు పెట్టడానికి గుండ్రంగా తిరిగే సిలిండర్ ఉంటుంది. అందులో మామూలుగా ఐదో ఆరో గదులు. హ్యామర్ వెనక్కి వెళ్లినప్పుడల్లా సిలిండర్ ఒక గది తిరిగి, ఆ గది సరిగ్గా బారెల్‌కి ఎదురుగా వచ్చి ఆగాలి. ఒక్క వెంట్రుకవాసి పక్కకి ఆగినా గుండు బారెల్ అంచుకి రాసుకుని సీసం చెక్కుకుపోతుంది.

మా ఊరివాళ్లకి ఈ ముక్క ఈజీగా అర్థమవుతుంది. అరసవల్లి గుడిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు మాత్రమే పొద్దున్నే సూర్యకిరణాలు వాకిళ్లన్నీ దాటుకుని వెళ్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయి. వాకిలి, మండపం, గర్భగుడి ఒక గీత మీద ఉండాలి, సూర్యుడు కూడా ఆ గీత మీదికి రావాలి. అప్పుడే కుదురుతుంది. రివాల్వర్‌లో ఆ కుదురుబాటు ప్రతి తూటాకీ జరగాలి.

మ్యాగ్నమ్ అన్న పేరు ఎక్కడిది

మ్యాగ్నమ్ అంటే ఏదో పెద్ద సాంకేతిక పదం అనుకున్నాను. కాదు, అది సీసా పేరు! మామూలు షాంపేన్ సీసా 750 మిల్లీలీటర్లు. దానికి రెట్టింపు, లీటరున్నర పట్టే సీసాని మ్యాగ్నమ్ అంటారు. 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ తుపాకుల కంపెనీలు ఎక్కువ మందు పట్టే రైఫిల్ తూటాలకి ఈ పేరు తగిలించాయి. అంటే "ఇది పెద్ద సీసా బాబూ" అని చెప్పుకోవడం.

రివాల్వర్లకి ఆ పేరు 1935లో వచ్చింది. అప్పటికి అమెరికా పోలీసులు ఎక్కువగా .38 స్పెషల్ వాడేవారు. దొంగలు కార్లలో పారిపోతుంటే ఆ గుండు కారు రేకుని సరిగ్గా దాటడం లేదని గొడవ. దాంతో స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కంపెనీలు కలిసి .38 స్పెషల్‌నే తీసుకుని, మందు పెంచి .357 మ్యాగ్నమ్ తెచ్చాయి. తర్వాత ఐడహో రాష్ట్రానికి చెందిన ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి-రచయిత ఏళ్ల తరబడి .44 స్పెషల్‌లో మందు దట్టించి పేల్చి చూసి కంపెనీల వెంటపడ్డాడు. దాని ఫలితం 1950ల మధ్యలో వచ్చిన .44 మ్యాగ్నమ్. .41 మ్యాగ్నమ్ 1964లో, .500 స్మిత్ అండ్ వెస్సన్ మ్యాగ్నమ్ 2003లో వచ్చాయి.

.44కి ప్రపంచమంతా పేరు తెచ్చింది 1971లో వచ్చిన డర్టీ హ్యారీ సినిమా. తమాషా ఏంటంటే మన సూపర్‌స్టార్ కృష్ణ చేతికి రివాల్వర్ ఇచ్చి గుర్రం ఎక్కించిన మోసగాళ్లకు మోసగాడు కూడా 1971లోనే వచ్చింది. మా తాతల తరం, అమెరికా తాతల తరం ఒకే ఏడాది హాల్లో కూర్చుని ఈల వేశారన్నమాట.

ఆ ఎనిమిదో వంతు అంగుళం

సీఎస్ఈ వాళ్లందరూ ఇక్కడ ఆగి చదవండి. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా నచ్చిన ముక్క ఇదే.

.357 మ్యాగ్నమ్ గుండు, .38 స్పెషల్ గుండు ఒకే లావు. రెండూ 0.357 అంగుళమే. మరి .38 అని ఎందుకన్నారు? ఆ పాత పేరు గుండుది కాదు, సుమారుగా షెల్ లావుది. అలాగే .44 మ్యాగ్నమ్ గుండు నిజానికి 0.429 అంగుళం. పేరులో ఉన్న నంబర్‌ని కొలత అనుకుంటే మోసపోతాం. అది వేరియబుల్ పేరు లాంటిది, దానిలో ఉన్న వాల్యూ కాదు.

లావు ఒకటే కాబట్టి ఒక ప్రమాదం ఉంది. .38 స్పెషల్ షెల్ లోపల చదరపు అంగుళానికి 17,000 పౌండ్ల దాకా ఒత్తిడి ఉండొచ్చని ప్రమాణం. .357కి అది 35,000, అంటే రెట్టింపు. ఎవరైనా తెలియక .357 తూటాని పాత .38 రివాల్వర్‌లో పెట్టి పేలిస్తే సిలిండర్ చేతిలోనే పగిలిపోవచ్చు. దీనికి ఇంజినీర్లు చేసిన పని చాలా సింపుల్. షెల్ పొడవుని సుమారు ఎనిమిదో వంతు అంగుళం పెంచారు. అంతే. ఇప్పుడు .357 తూటా .38 గదిలో పూర్తిగా దిగదు, సిలిండర్ మూసుకోదు. కానీ పొట్టిగా ఉన్న .38 తూటా .357 గదిలో హాయిగా దిగుతుంది, పేలుతుంది.

దీన్నే మనం బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటాం. కొత్త మెషీన్ పాత ఫైల్‌ని చదువుతుంది, పాత మెషీన్ కొత్త ఫైల్‌ని తిరస్కరిస్తుంది. ఎర్రర్ మెసేజ్ లేదు, మాన్యువల్ చదవక్కర్లేదు. చీకట్లో, కంగారులో ఉన్న మనిషి కూడా తప్పు చేయలేడు. మూడు మిల్లీమీటర్ల ఇత్తడితో ఇన్‌పుట్ వ్యాలిడేషన్ రాసేశారు.

ఇప్పుడు మన గేమ్ చూడండి. బీజీఎంఐలో ఆర్1895 రివాల్వర్‌కీ, ఏకేఎంకీ, కార్98కేకీ ఒకటే 7.62 తూటాలు. నిజంలో ఆర్1895, అంటే రష్యా వాళ్ల నాగంత్ రివాల్వర్ తూటా వేరే. దానిలో గుండు మొత్తం షెల్ లోపలికి మునిగి ఉంటుంది, పైకి కనపడదు. ఏకేఎం తూటా ఇంకొకటి, మధ్యలో సన్నబడే షెల్. కార్98కేది అసలు 7.62 కాదు, 7.92. గేమ్ రాసినవాళ్లు మూడు వేర్వేరు డేటా టైపులని ఒకే టైపులో పడేశారు. గేమ్‌లో ఫర్వాలేదు. నిజంలో అలా చేస్తే కంపైలర్ కాదు, చెయ్యి పోతుంది.

సినిమా ఫిజిక్స్, ఎంసెట్ ఫిజిక్స్

ఇప్పుడు హాస్టల్ గొడవలోని అసలు ప్రశ్న: ఏది పవర్‌ఫుల్? ఇంటర్‌లో చదివిన రెండు సూత్రాలు చాలు. గతిశక్తి అంటే సగం ద్రవ్యరాశి ఇంటూ వేగం స్క్వేర్. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశి ఇంటూ వేగం. కంపెనీ లోడ్ల మామూలు అంకెలు తీసుకుని నేను లెక్కేశాను. బారెల్ పొడవుని బట్టి ఇవి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

.32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్: 6.35 గ్రాముల గుండు, సెకనుకి 215 మీటర్లు. శక్తి సుమారు 147 జౌళ్లు.

.38 స్పెషల్: 10.2 గ్రాములు, 230 మీటర్లు. సుమారు 270 జౌళ్లు.

.357 మ్యాగ్నమ్: అదే 10.2 గ్రాములు, 376 మీటర్లు. సుమారు 720 జౌళ్లు.

.44 మ్యాగ్నమ్: 15.5 గ్రాములు, 410 మీటర్లు. సుమారు 1,300 జౌళ్లు.

.500 మ్యాగ్నమ్ 3,000 దాటుతుంది. ఏకే తూటా సుమారు 2,000 కాబట్టి, చేతిలో పట్టుకునే తుపాకి రైఫిల్‌ని దాటేసిందన్నమాట. ఎలుగుబంట్లు తిరిగే చోట తప్ప దాంతో ఏం పని ఉంటుందో నాకైతే అర్థం కాలేదు.

.38, .357 మధ్య తేడా గమనించండి. గుండు బరువు మారలేదు. వేగం 1.6 రెట్లు పెరిగితే శక్తి 2.7 రెట్లు అయింది. స్క్వేర్ మహిమ.

కానీ నన్ను ఆశ్చర్యపరిచింది రెండో సూత్రం. క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. ఫాస్ట్ బౌలర్ గంటకి 140 కిలోమీటర్ల స్పీడుతో వేశాడనుకోండి. ద్రవ్యవేగం 6.2 వస్తుంది. .44 మ్యాగ్నమ్‌ది ఎంత? 15.5 గ్రాములు ఇంటూ 410, అంటే 6.4. రెండూ దాదాపు సమానం! బంతి తగిలితే బ్యాట్స్‌మన్ పది అడుగులు వెనక్కి ఎగిరి గోడకి అతుక్కుంటాడా? లేదు. 70 కిలోల మనిషికి ఆ గుండు ఇచ్చే తోపు సెకనుకి తొమ్మిది సెంటీమీటర్లు మాత్రమే. మన సినిమాల్లో రివాల్వర్ దెబ్బకి విలన్ అద్దాలు పగలగొట్టుకుంటూ బయటికి ఎగిరిపోవడం న్యూటన్‌కి తెలియని విషయం. పైగా గుండు ముందుకి ఎంత తోస్తే తుపాకి చేతిని వెనక్కి అంత తోస్తుంది. విలన్ ఎగిరితే హీరో కూడా ఎగరాలి.

గుండు ప్రమాదకరం అయింది తోసేయడం వల్ల కాదు. అంత శక్తిని వేలిగోరంత జాగాలోంచి లోపలికి దింపడం వల్ల. తగిలినవాడు ఎగరడు. ఉన్నచోటే కూలిపోతాడు. లేదా ఏమైందో తెలియక నాలుగు అడుగులు నడుస్తాడు. ఈ వాక్యం రాసినప్పుడు నా ఉత్సాహం కొంచెం తగ్గింది, నిజం చెప్పాలంటే.

మన దేశంలో ఎవరు ఎంచుకుంటారు

అమెరికాలో ఫేవరెట్ తూటా అంటే షాపుకి వెళ్లి ఎంచుకోవడం. మన దగ్గర ఆ ఎంపిక వందేళ్ల కిందటే వేరేవాళ్లు చేసేశారు. ఇది మన ఉత్తరాంధ్ర కథ కూడా.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లమీద పడింది. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు పట్టుకుపోయింది. స్కూల్లో మనకి ఇది ధైర్యసాహసాల పాఠంగా చెప్పారు. దీన్ని సప్లై లెక్కగా చూడండి. 2,500ని 26తో భాగిస్తే తుపాకికి సుమారు 96 తూటాలు. అవి అయిపోతే మన్యంలో ఎక్కడా తయారుకావు. కొట్టుకొచ్చిన తుపాకికి కొట్టుకొచ్చిన తూటానే దిక్కు. అది లేకపోతే ఆ తుపాకి దుడ్డుకర్ర. అందుకే దళం తుపాకులతోపాటు తూటాలు కూడా లెక్కపెట్టి తీసుకెళ్లింది.

ఈ విషయం బ్రిటిష్ వాళ్లకి అంతకుముందే బాగా తెలుసు. 20వ శతాబ్దం మొదట్లోనే వాళ్లు మన దేశంలోకి .450 బోర్ వేట రైఫిళ్లు రాకుండా ఆపేశారు. కారణం, సైన్యంలో వాడిన మార్టిని-హెన్రీ రైఫిల్ బోర్ కూడా .450యే. సైన్యం తూటాలు దొంగిలిస్తే బయటి తుపాకుల్లో పనికిరాకూడదని వాళ్ల ఆలోచన. దాంతో వేట తుపాకుల కంపెనీలు గబగబా .465, .470 లాంటి కొత్త సైజులు కనిపెట్టాయి. పులుల్ని వేటాడే దొరలకి ఆ విచిత్రమైన సైజులు ఎందుకొచ్చాయంటే, భయపడింది పులికి కాదు, మనకి.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం, 1962లో దాని నియమాలు వచ్చాయి. లాజిక్ మాత్రం అదే. పౌరులకి నిషేధించిన పిస్టళ్లు, రివాల్వర్లు ఏవో చెప్పేటప్పుడు ఆ నియమాలు తుపాకి మోడల్ అడగలేదు, పవర్ అడగలేదు. అది ఏ తూటాని నింపుకుని పేల్చగలదు అని అడిగాయి. .380, .455 అంచు తూటాలు, సర్వీసు 9 ఎంఎం, .45 తూటాలు పేల్చగలిగేదైతే నిషిద్ధం. ఎందుకంటే అవి సైన్యం, పోలీసుల తూటాలు. పైథాన్‌లో డక్ టైపింగ్ అంటాం చూడండి, వస్తువు ఏ క్లాసో కాదు, ఏ పని చేయగలదో చూడటం. అచ్చం అదే.

ఇప్పుడు దీని పర్యవసానం చూడండి. పాత సర్వీసు .380 గుండు శక్తి 250 జౌళ్లు కూడా సరిగ్గా ఉండదు. అది నిషిద్ధం. దానికి మూడింతల శక్తి ఉన్న .357 మ్యాగ్నమ్ ఆ మాటల ప్రకారం నిషిద్ధం కాదు! .380 షెల్ కొంచెం లావు, .357 గదిలో దూరదు. దూరదు కాబట్టి ఫర్వాలేదు. చట్టం పవర్‌ని కొలవలేదు, పోర్టుని చూసింది. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకులు తెప్పించుకోవడం మామూలు మనుషులకి ఆగిపోయింది కాబట్టి, అంతకుముందు వచ్చిన పాత .357లు ఇప్పుడు లక్షల్లో చేతులు మారతాయి. మన దేశంలో మ్యాగ్నమ్ అంటే ఎక్కువగా ఆత్మరక్షణ కాదు, హోదా.

మామూలుగా లైసెన్సు వచ్చినవాళ్లకి దొరికేది .32. కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ అదే. 2014లో ఆడవాళ్ల కోసమని అర కిలో బరువుతో నిర్భీక్ అనే .32 రివాల్వర్ కూడా అక్కడే తెచ్చారు. ధర లక్షకి పైనే పెట్టారు. రాత్రి బస్సు దిగి ఒక్కతే నడిచి వెళ్లే అమ్మాయిల్లో ఎంతమంది దగ్గర లక్ష ఉంటుందో లెక్కేసినట్టు లేదు.

నా ఓటు

ఇన్ని చదివాక నాకు ఒక ఫేవరెట్ తేలింది. .44 కాదు, .500 కాదు. 2000ల చివర్లో వచ్చిన .327 ఫెడరల్ మ్యాగ్నమ్. మా హాస్టల్లో దాని పేరు కూడా ఎవడూ ఎత్తలేదు.

మొదటి కారణం, 6.5 గ్రాముల చిన్న గుండుతో సెకనుకి 425 మీటర్ల వేగం. శక్తి 590 జౌళ్ల దగ్గర. .357కి కాస్త తక్కువ, అంతే. కానీ గుండు ద్రవ్యవేగం 2.8 మాత్రమే, .357ది 3.8. అంటే చేతికి తగిలే వెనక తోపు బాగా తక్కువ. రెండో కారణం, సన్నగా ఉంటుంది కాబట్టి, .357కి ఐదు గదులు పట్టే చిన్న రివాల్వర్‌లో దీనికి ఆరు పడతాయి.

మూడోది నా అసలు కారణం. .327 గదిలో దానికంటే పొట్టివైన మూడు పాత తూటాలు కూడా దిగి పేలతాయి: .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్, .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, 1878 నాటి .32 స్మిత్ అండ్ వెస్సన్. ఇందులో రెండోది, 1896 నాటి ఆ లాంగ్ తూటానే మన కాన్పూర్ రివాల్వర్ తూటా. దాని ఒత్తిడి పరిమితి 15,000 పౌండ్లు, .327ది 45,000. మూడింతలు. అయినా పాతదాన్ని కొత్తది కాదనదు. నాలుగు తరాల తూటాలు ఒకే గదిలో. ఇంతకంటే మంచి బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ నేను సాఫ్ట్‌వేర్‌లో కూడా తక్కువ చూశాను.

ఇదంతా మావయ్యకి చెప్పాను. పెరట్లో నులక మంచం మీద కూర్చుని ఓపిగ్గా విన్నాడు. క్రికెట్ బంతి లెక్కకి "అవున్రా, ఎవుడూ ఎగరడు" అన్నాడు, ఇంకేమీ అనలేదు. .327 సంగతి విని "బాగుంది, తెలివైన తూటా" అన్నాడు.

"మరి నీది?"

"పదోది," అన్నాడు.

అర్థం కాలేదని నటించడానికి నాకు వీల్లేదు.

మావయ్యది సింగిల్ బారెల్ 12 బోర్. మా వైపు ఆర్మీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది చేసేదే ఆయనా చేశాడు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి తుపాకి, లైసెన్సు తీసుకున్నాడు. సొంత తుపాకి ఉన్న గార్డుకి ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, జీతం కూడా కాస్త ఎక్కువ. ఆ లైసెన్సు పుస్తకంలో ఎన్ని తూటాలు ఏ తారీఖున కొన్నాడో అన్నీ ఎక్కిస్తారు. ఆయన దగ్గర అప్పట్లో పది ఉండేవి. ఎర్ర ప్లాస్టిక్ ఒళ్లు, అడుగున ఇత్తడి. చూడటానికి లిప్‌స్టిక్ లాగా ముద్దుగా ఉంటాయి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బీరువా తాళం వేయడం మర్చిపోయిన ఒక ఉదయం అందులోంచి ఒకటి తీసి స్కూల్‌కి పట్టుకెళ్లాను, ఫ్రెండ్స్‌కి చూపించడానికి. లంచ్‌లో నలుగురు చేతులు మారింది. ఒకడు దాన్ని బెంచీకేసి టకటకా కొట్టాడు. సాయంత్రం వాడి పెన్సిల్ బాక్సులోనే ఉండిపోయింది.

మావయ్య రోజూ డ్యూటీకి ముందూ తర్వాతా లెక్క చూస్తాడు. ఆ రాత్రి తొమ్మిదే వచ్చాయి. ఆయన నన్ను కొట్టలేదు. లైసెన్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని గుమ్మం మీద కూర్చున్నాడు. పోయిందని స్టేషన్‌లో చెప్పాలి. చెబితే ఎలా పోయిందంటారు. పిల్లాడు స్కూల్‌కి పట్టుకెళ్లాడంటే లైసెన్సు ఉంటుందా, లైసెన్సు లేకపోతే ఉద్యోగం ఉంటుందా. ఇవన్నీ అత్త గుసగుసగా అంటుంటే గోడ పక్క నుంచి విన్నాను. అప్పుడు చెప్పాను. రాత్రి పదిన్నరకి ఇద్దరం సైకిల్ మీద మా ఫ్రెండ్ ఇంటికి వెళ్లాం. వాడు నిద్రలేచి పెన్సిల్ బాక్సు తెరిచాడు. మావయ్య దాన్ని లైటు కింద తిప్పి ప్రైమర్ మీద గీతలేమైనా పడ్డాయా అని చూశాడు. చేతులు వణుకుతున్నాయి. ఆర్మీలో పదిహేడేళ్లు చేసిన చేతులు.

పైన నేనే రాశాను, పిన్ వెళ్లి ప్రైమర్‌ని కొడితే పేలుతుందని. బెంచీకేసి కొట్టినప్పుడు అక్కడ మేకు తల లేకపోవడం మా అదృష్టం.

ఇంకొక ప్రాక్టికల్ విషయం చెప్పి ముగిస్తాను. ఎవరో ఇచ్చారని, ఎక్కడో దొరికిందని నిజం తూటాని కీచైన్ లాగా బ్యాగ్‌లో వేసుకోకండి. లైసెన్సు లేకుండా ఒక్క పేలని తూటా దగ్గర ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో ఒకే ఒక్క తూటా బయటపడి, అది బ్యాగ్‌లో ఉన్నట్టు తెలియదని నిరూపించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ముందు ఆ ఎఫ్ఐఆర్ ఎవరికీ వద్దు.

సెలవులు అయి హాస్టల్‌కి వచ్చాక గొడవ మళ్లీ మొదలైంది. ".327" అన్నాను. ముగ్గురూ నవ్వారు. లెక్కలన్నీ బోర్డు మీద వేసి చూపించాను. ఒకడు ఒప్పుకున్నాడు, ఇద్దరు ఒప్పుకోలేదు. పదోదాని గురించి వాళ్లకి చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ రాశాను.